స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ల ‘జాట్స్’: నిషేధపు గీత అవతల నిలబడ్డ బీరు తోట

పోర్టోలా సైకిల్ (సన్నీవేల్)
శనివారం, ఉదయం 7:40

కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వెనక కొండల వైపు వెళ్తే ఆల్పైన్ రోడ్డు, అరాస్త్రడేరో రోడ్డు కలిసే మూల మీద ఒక పాత చెక్క ఇల్లు కనిపిస్తుంది. ఇప్పటి పేరు ఆల్పైన్ ఇన్. కానీ స్టాన్‌ఫర్డ్‌లో చదివినవాళ్లెవరూ ఆ పేరుతో పిలవరు, ‘జాట్స్’ అంటారు. వెనక వాగు, చెట్ల నీడ, పొడవాటి చెక్క బల్లలు, బర్గర్లు, జగ్గుల్లో బీరు. శని, ఆదివారాల్లో సైకిళ్లు, మోటారు సైకిళ్లు, పిల్లల తోపుడు బండ్లు అన్నీ అక్కడే ఆగుతాయి.

ఈ ఇంటి వయసు యూనివర్సిటీ వయసు కంటే ఎక్కువ. ఫెలిక్స్ బుయెల్నా అనే కాలిఫోర్నియో (మెక్సికో పాలన నాటి నుంచీ ఇక్కడున్న స్పానిష్ భాషీయుడు) 1850లలో దీన్ని కట్టించాడు. అప్పటి పేరు కాసా దె తబ్లేతా. పశువుల కాపర్లు, రైతులు కొండ దాటి సముద్రం వైపు వెళ్లే దారి ఇదే. ఆ దారిలో ఆగి పేకాడుకునే చోటు ఇది. 1868లో ఒక అమెరికన్ చేతికి వెళ్లింది. బుయెల్నా పేకాటలోనే దీన్ని పోగొట్టుకున్నాడని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. కాలిఫోర్నియా చారిత్రక స్థలాల జాబితాలో దీని నంబరు 825.

స్టాన్‌ఫర్డ్‌లో తరగతులు మొదలైంది 1891లో. అంటే విద్యార్థులు వచ్చేసరికే ఇక్కడ ఈ కొట్టు ఉంది. ‘కాలేజీ బార్’ అంటే కాలేజీని చూసుకుని పక్కన పెట్టిన దుకాణం అనుకుంటాం కదా, ఇక్కడ తిరగబడింది. దీని గురించి తెలిసినవాళ్లు రాయండి. ముఖ్యంగా ఇంటర్నెట్‌తో దీనికున్న సంబంధం గురించి రకరకాలుగా వింటున్నాను.

---

రావిచెట్టు నీడ (గుంటూరు)
శనివారం, రాత్రి 9:15

మీ పోస్టు చదివాను. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. చదువుకునే పిల్లలు తాగే చోటుకి చరిత్ర రాసి మురిసిపోవడం అవసరమా? మన దగ్గర బడికీ, గుడికీ వంద మీటర్ల లోపు మద్యం దుకాణం పెట్టకూడదని రూలు ఉంది. ఆ వంద మీటర్లు దాటగానే మా ఊళ్లో కాలేజీ రోడ్డు ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నాను. అమెరికాలో అంత పెద్ద యూనివర్సిటీ దీన్ని ఎలా ఒప్పుకుంది?

---

మెన్లో మాధవి (మెన్లో పార్క్)
శనివారం, మధ్యాహ్నం 12:05

రావిచెట్టు గారూ, ఒప్పుకోలేదండీ. ఒప్పుకోకపోవడం వల్లే ఈ చోటుకి అంత పేరు వచ్చింది. కాస్త వివరంగా రాస్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన చరిత్ర.

లీలాండ్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పెట్టేటప్పుడు పక్కన మేఫీల్డ్ అనే ఊరు ఉండేది. నిండా మద్యశాలలే. వాటిని మూయించడానికి ఊరు ఒప్పుకోలేదు. దాంతో అసలు మద్యమే లేని కొత్త ఊరు కావాలని పాలో ఆల్టో వెలిసింది. అక్కడ స్థలం కొన్నవాళ్ల దస్తావేజుల్లోనే ఈ స్థలంలో మద్యం అమ్మకూడదని షరతు రాశారు. చివరికి 1905లో మేఫీల్డ్ కూడా తన మద్యశాలలను మూసేసింది. ఆ తర్వాత 1925లో పాలో ఆల్టోలో కలిసిపోయింది.

మేఫీల్డ్ మూసేస్తే కుర్రాళ్లు మానేశారా? ఉత్తరాన మెన్లో పార్కుకీ, పడమరన ఈ దారి పక్క ఇంటికీ నడక మొదలుపెట్టారు. ఇది శాన్ మటేయో కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంది, యూనివర్సిటీ శాంటా క్లారా కౌంటీలో. కౌంటీ మారితే లైసెన్సు ఇచ్చే అధికారులూ మారతారు. అప్పటి యూనివర్సిటీ అధ్యక్షుడు డేవిడ్ స్టార్ జోర్డాన్‌కి మద్యమంటే గిట్టదు. ఈ దుకాణానికి లైసెన్సు ఇవ్వొద్దని పక్క కౌంటీ అధికారులకు గట్టిగా రాశాడు. 1908లో తాగుడు మీద పెట్టిన ఆంక్షలకు వ్యతిరేకంగా విద్యార్థులు క్యాంపస్‌లో ఊరేగింపు తీశారు, చాలామంది సస్పెండ్ అయ్యారు. మరుసటి ఏడాది, 1909లో, రాష్ట్రం చట్టం చేసింది: యూనివర్సిటీ చుట్టూ మైలున్నర లోపు మద్యం అమ్మకూడదు. మీరు చెప్పిన వంద మీటర్ల పక్కన ఇది దాదాపు 2.4 కిలోమీటర్లు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. గీత గీస్తే దాని అంచు మీద దుకాణాలు మొలుస్తాయి. యూనివర్సిటీ అవెన్యూ మీద ఈ మైలున్నర దాటగానే మందు షాపులూ బార్లూ వరసగా వచ్చాయి. ఆ వీధికి విస్కీ గల్చ్ అనే పేరే పడింది. 2000 ప్రాంతంలో దాన్ని కూల్చి ఆఫీసులు, హోటలు కట్టారు. పాలో ఆల్టో డౌన్‌టౌన్‌లో హోటల్లో కూర్చుని గ్లాసు వైన్ తాగడానికి 1970ల మొదటి వరకూ ఆగాల్సి వచ్చింది. జాట్స్ మాత్రం గీత అవతల ముందునుంచీ ఉన్న ఇల్లు. అది ఎక్కడికీ కదలలేదు. జనమే దాని దగ్గరికి వెళ్లారు.

---

పోర్టోలా సైకిల్
శనివారం, మధ్యాహ్నం 1:20

మాధవి గారూ, కౌంటీ సంగతి చదివాక చాలా అర్థమైంది. పేరు గురించి కూడా ఒక ముక్క రాస్తాను. దేశమంతా మద్యనిషేధం 1920 నుంచి 1933 వరకు నడిచింది. అది ఎత్తేశాక ఈ చోటును ఎన్రికో రొసొట్టి అనే ఆయన నడిపాడు. బోర్డు మీద రొసొట్టీస్ అని ఉంటే కుర్రాళ్లు కుదించి జాట్స్ చేశారు. 1950లలో ఆయన అమ్మేశాక వచ్చిన యజమానులు ఆల్పైన్ ఇన్ అని పేరు మార్చారు, కానీ నోళ్లలో పాత పేరే మిగిలింది. కోఠి దగ్గరా, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరా ఎప్పుడో మూతపడ్డ హాళ్ల పేర్లతోనే ఆటోవాళ్లకి ఇప్పటికీ దారి చెప్తాం, అలాగన్నమాట.

---

నెట్‌వర్క్ శేషు (శాన్ హోసే)
శనివారం, సాయంత్రం 4:30

ఇంటర్నెట్ భాగం నేను రాస్తాను. ముందు ఒకటి సరిచేయాలి. ‘మొట్టమొదటి ఇంటర్నెట్ మెసేజ్ ఈ బార్ నుంచి వెళ్లింది’ అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇంటర్నెట్ కంటే ముందు వచ్చిన అర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద మొదటి మెసేజ్ 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏ నుంచి మెన్లో పార్కులోని ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థకి వెళ్లింది. ‘లాగిన్’ అని కొట్టబోతే మొదటి రెండక్షరాలు చేరగానే అవతలి మెషీన్ ఆగిపోయింది. దానికీ జాట్స్‌కీ సంబంధం లేదు.

జాట్స్‌లో జరిగింది ఏడేళ్ల తర్వాత, 1976 ఆగస్టు 27న. దాని విలువ వేరు. అర్పానెట్ అనేది ఒక నెట్‌వర్క్, అంతే. తీగల మీద నడుస్తుంది, కంప్యూటర్లు ఉన్నచోటే ఉంటాయి. దానికి డబ్బిచ్చేది రక్షణ శాఖ. సైనికుడు తీగ లాక్కుంటూ తిరగలేడు కాబట్టి రేడియో మీద డేటా పంపే నెట్‌వర్క్ కూడా తయారు చేయించారు. ఇప్పుడు ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడాలి. చిక్కంతా అక్కడే. తీగల నెట్‌వర్క్ తనంతట తానే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కల్ని, జాగ్రత్తగా చేరుస్తుంది. రేడియోలో వ్యాను ఒక వంతెన కిందికో, చెట్ల చాటుకో వెళ్తే ప్యాకెట్లు పోతాయి. రెండింటి ప్యాకెట్ల సైజు వేరు, వేగం వేరు.

వింట్ సర్ఫ్, బాబ్ కాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1974లో ప్రచురించిన ఆలోచన ఇది: ఏ నెట్‌వర్కునీ లోపల మార్చొద్దు, మధ్యలో ఒక గేట్‌వే, అంటే రెండింటినీ కలిపే కంప్యూటర్, పెట్టండి. పోయిన ముక్కల్ని గుర్తించి మళ్లీ పంపే బాధ్యత మధ్య దారికి కాకుండా రెండు చివరల్లోని కంప్యూటర్లకు ఇవ్వండి. అదే టీసీపీ. సర్ఫ్ అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పేవాడు. 1974 డిసెంబరులో వచ్చిన మొదటి పూర్తి టీసీపీ వివరణ మీద ముగ్గురి పేర్లు ఉన్నాయి. అందులో ఒకరు ఐఐటీ బొంబాయిలో చదివి వచ్చిన యోగెన్ దలాల్. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక ఆ రోజు సంగతి. ఎస్‌ఆర్‌ఐ వాళ్ల దగ్గర బ్రెడ్డు పంచే బండిలా కనిపించే ఒక పెద్ద వ్యాను ఉండేది. దాని నిండా రేడియో పరికరాలు. దాన్ని జాట్స్ పక్కన ఆపి, ఒక టెర్మినల్‌ని తెచ్చి బయట చెక్క బల్ల మీద పెట్టి, వ్యాను వరకూ తీగ లాగారు. పంపింది కవిత్వం కాదు, వారం వారం పై అధికారులకు పంపే పని నివేదిక. అది ముక్కలై రేడియోలో కొండ మీది రిపీటర్ (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పరికరం) ద్వారా మెన్లో పార్కు చేరింది. అక్కడ గేట్‌వే దాటి అర్పానెట్ ఎక్కి, దేశం అవతల బోస్టన్ వెళ్లింది. రెండు వేరు వేరు నెట్‌వర్కుల మీదుగా టీసీపీతో అధికారికంగా సాగిన మొదటి సమాచారం అదే. మరుసటి ఏడాది, 1977 నవంబరు 22న, ఇదే వ్యాను హైవే మీద నడుస్తుండగా ఉపగ్రహ నెట్‌వర్కును కూడా కలిపి మూడు నెట్‌వర్కుల మీదుగా పంపారు. ఇంటర్నెట్‌కి పుట్టినరోజు పెట్టమంటే నేను ఈ రెండో తేదీనే పెడతాను. కానీ తొలి అడుగు మాత్రం ఈ బల్ల దగ్గరే పడింది.

గోడ మీద దీని గురించి ఒక ఫలకం ఉంది. వెళ్లినవాళ్లు చదవకుండా రావొద్దు.

---

బ్యాడ్జర్ కిరణ్ (మాడిసన్)
శనివారం, రాత్రి 7:10

ల్యాబ్ వదిలేసి బార్‌కి ఎందుకు వెళ్లారు? బీరు కోసమేనా?

---

నెట్‌వర్క్ శేషు
శనివారం, సాయంత్రం 5:45

దూరం ఒక కారణం. రేడియో అందేంత దగ్గర, ల్యాబ్ గోడల మధ్య కాదు అనిపించేంత దూరం. పైగా ఈ వ్యవస్థ ఎక్కడికైనా తీసుకెళ్లి వాడేలా ఉండాలన్నదే అసలు లక్ష్యం. ఏసీ గదిలో నడిస్తే ఏం రుజువైనట్టు? పక్కన మోటారు సైకిళ్ల మోత, ఎండ, దుమ్ము, చుట్టూ తమ పనేదో తాము చూసుకుంటున్న జనం. అక్కడ నడిస్తేనే నడిచినట్టు. ఇక బీరు సంగతి అంటారా, ఎస్‌ఆర్‌ఐ వాళ్లకి ఆ చోటు ముందే బాగా పరిచయం. పరిచయమైన చోటే గుర్తొస్తుంది కదా.

---

మెన్లో మాధవి
శనివారం, రాత్రి 8:30

ఈ ఊళ్లో ఇలాంటి చోట్లు ఇంకో రెండు చెప్పాలి, లేకపోతే కథ సగమే. ఎల్ కమీనో రోడ్డు మీద ‘ఒయాసిస్’ అనే బార్ ఉండేది. అందరూ ఉత్తి ‘ఓ’ అనేవాళ్లు. 1975లో మెన్లో పార్కులో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ అనే కంప్యూటర్ ఔత్సాహికుల క్లబ్బు తర్వాత స్లాక్ అనే స్టాన్‌ఫర్డ్ భౌతికశాస్త్ర ల్యాబ్ ఆడిటోరియంలో సమావేశమయ్యేది. సమావేశం అయ్యాక సభ్యులు ఒయాసిస్‌కి చేరి అర్ధరాత్రి వరకూ సర్క్యూట్ల గురించి వాదించుకునేవాళ్లు. స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్ 1 డిజైన్‌ను పంచింది ఆ క్లబ్బులోనే. ఒయాసిస్ 2018 మార్చిలో మూతపడింది. ఆ వారం బయట క్యూ చూసి నాకు గొంతు పట్టేసింది. తెల్లజుట్టు వాళ్లు మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చి, తాము చెక్కిన బల్లలు వెతుక్కున్నారు.

రెండోది డచ్ గూస్, 1966 నుంచీ ఉంది. వేరుశెనగకాయలు ఒలిచి తొక్కలు నేల మీదే పడేయడం, చాకుతో బల్ల మీద పేరు చెక్కడం అక్కడి సంప్రదాయాలు. జాట్స్ బల్లల మీదా పేర్లే. మామూలుగా కాలేజీ బెంచీ మీద చెక్కితే ఫైన్ వేస్తారు. ఇక్కడ యజమానులే ఆ బల్లల్ని కాపాడుకుంటారు. 2018లో ఆల్పైన్ ఇన్ చేతులు మారినప్పుడు అందరికీ ఉన్న భయం అదే, బల్లలు తీసేస్తారేమోనని. కొన్నవాళ్లు స్థానికులే. మరమ్మతులు చేసి మరుసటి ఏడాది తెరిచారు. పాత ఇల్లు అలాగే ఉంది.

---

ఏగీ వెంకట్ (హ్యూస్టన్)
ఆదివారం, ఉదయం 10:00

టెక్సాస్ నుంచి ఒక చేర్పు. నేను చదివింది కాలేజ్ స్టేషన్‌లో, టెక్సాస్ ఏ అండ్ ఎం. క్యాంపస్ పక్కన మా నార్త్‌గేట్‌లో డిక్సీ చికెన్ అనే బార్ ఉంది, 1974లో పెట్టారు. అంతకు ముందు ఏడాదే టెక్సాస్ తాగే వయసును 21 నుంచి 18కి దించింది. మాధవి గారు చెప్పిన గీత మాటే ఇది కూడా: చట్టం మారగానే వీధి మారిపోయింది. తర్వాత 1981లో 19 చేశారు, 1986లో మళ్లీ 21. కేంద్రం 1984లో చట్టం చేసి, 21 పెట్టని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెట్టింది మరి.

మా దగ్గర పెద్ద సంప్రదాయం ఉంగరం ముంచడం. ఏ అండ్ ఎం వాళ్లని ఏగీలంటారు. ఏగీ రింగ్ అంటే మాకు డిగ్రీ పట్టా కంటే ఎక్కువ. అది చేతికొచ్చిన రోజు బీరు జగ్గులో వేసి, జగ్గంతా తాగి, చివర్లో ఉంగరాన్ని పళ్లతో పట్టుకోవాలి. నాకు తాగే అలవాటు లేదు. నా గదిలో వాళ్లు రూట్ బీర్ పోసి చేయించారు, అది మద్యం కాదు. ఎవరూ తక్కువ చేసి చూడలేదు. మన పిల్లలు చాలామంది అలాగే చేస్తారు. ఇప్పుడే వచ్చిన స్టూడెంట్లు ఎవరైనా చదువుతుంటే వినండి: ఆ జగ్గును గబగబా తాగడం ప్రమాదం. ఉంగరం ముఖ్యం, బీరు కాదు.

---

పావని (కేంబ్రిడ్జ్)
ఆదివారం, సాయంత్రం 5:10

ఇంగ్లండ్‌లో మా ఊళ్లో ‘ది ఈగిల్’ అనే పబ్ సంగతి కూడా వినండి. పాత కావెండిష్ ల్యాబ్‌కి పక్క సందే. 1953 ఫిబ్రవరి 28న డీఎన్‌ఏ నిర్మాణం కనుక్కున్న ఇద్దరిలో ఒకడైన క్రిక్ మధ్యాహ్న భోజనం వేళ లోపలికొచ్చి, జీవరహస్యం కనుక్కున్నామని అందరికీ చెప్పాడని రెండోవాడు వాట్సన్ రాశాడు. అలా చెప్పినట్టు తనకు గుర్తులేదని క్రిక్ అన్నాడు. పబ్ గోడ మీది ఫలకం మీద చాలాకాలం ఆ ఇద్దరి పేర్లే ఉండేవి. డీఎన్‌ఏ ఎక్స్‌రే చిత్రాలు రోజలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబ్‌లో తీసినవి. ఎవరో ఫలకం మీదే ఆమె పేరు చేత్తో రాసేశారు. ఇప్పుడు పెట్టిన కొత్త ఫలకంలో ఆమె పేరుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వెనక గది కప్పు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్ కుర్రాళ్లు కొవ్వొత్తులతో, లైటర్లతో కాల్చి తమ దళాల పేర్లు రాశారు. మర్నాడు విమానం ఎక్కి తిరిగిరాని వాళ్ల రాతలూ అందులో ఉన్నాయి. మాధవి గారు చెక్కిన బల్లల గురించి రాసింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

---

రావిచెట్టు నీడ
ఆదివారం, రాత్రి 10:40

అందరివీ చదివాను. బాగా రాశారు. నా అభ్యంతరం మాత్రం పూర్తిగా పోలేదు, ఎందుకో చెప్తాను. మాది ఒకప్పటి నెల్లూరు జిల్లా సరిహద్దు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ వింటూ పెరిగాను. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ నిషేధం సమయంలో సరిహద్దు ఊళ్లు ఎలా మారాయో మాకు తెలుసు. మీరు చెప్పిన విస్కీ గల్చ్ కొత్త కథ కాదు.

కానీ ఒక తేడా ఉంది. దూబగుంటలో గీత గీయమన్నది ఇళ్లలో దెబ్బలు తిన్నవాళ్లు. స్టాన్‌ఫర్డ్‌లో గీసింది పైన కూర్చున్నవాళ్లు, కుర్రాళ్ల మంచి కోసమని. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

---

మెన్లో మాధవి
సోమవారం, ఉదయం 6:50

కట్టనండీ. మీరన్నది ముమ్మాటికీ నిజం, దాన్ని ఈ చర్చలోకి తెచ్చినందుకు సంతోషం. నేను చెప్పదలచింది ఇంతే: తాగుడు గొప్పదని కాదు. యూనివర్సిటీ తన చుట్టూ ఒక శుభ్రమైన వలయం గీసుకుంది. ఆ వలయం బయట, ఎవరి అదుపూ లేని ఒక బల్ల దగ్గర ప్రొఫెసర్, విద్యార్థి, మెకానిక్, గుర్రం ఎక్కి వచ్చిన రైతు కలిసి కూర్చున్నారు. క్యాంపస్‌లో ఆ బల్ల లేదు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకునేనాటికి కూడా పాలో ఆల్టో డౌన్‌టౌన్ మద్యం లేని చోటే. అప్పటికి ఈ ఊళ్లో సాయంత్రం పూట నలుగురు చేరే చోటంటే గీత అవతలే.

ఆ చోటు బార్ కానక్కర్లేదు. మన హైదరాబాదులో ఆబిడ్స్ ఓరియెంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి వాళ్లు కూర్చున్నది చాయ్ ముందే. ఆ హోటల్ ఇప్పుడు లేదు. అక్కడి బల్ల ఒక్కటైనా ఎవరైనా దాచారా అని నాకు బాధ.

---

బ్యాడ్జర్ కిరణ్
సోమవారం, మధ్యాహ్నం 12:15

వచ్చే నెల బే ఏరియాకి వస్తున్నాం. అమ్మానాన్న కూడా ఉంటారు, ఇద్దరూ శాకాహారులు, నాన్నకి మోకాళ్ల నొప్పి. ఈ చోటుకి తీసుకెళ్లొచ్చా? ఆ వ్యాను కూడా అక్కడే ఉంటుందా?

---

పోర్టోలా సైకిల్
సోమవారం, మధ్యాహ్నం 12:50

నిక్షేపంగా తీసుకెళ్లండి. బల్లలన్నీ బయటే, పిల్లలూ పెద్దవాళ్లూ అందరూ వస్తారు. మరమ్మతుల తర్వాత పిజ్జా కూడా పెడుతున్నారు, అమ్మానాన్నలకి ఇబ్బంది ఉండదు. వారాంతం మధ్యాహ్నం కార్లు ఆపడానికి చోటు దొరకడం కష్టం, మామూలు రోజు పదకొండున్నరకల్లా చేరితే నీడలో బల్ల దొరుకుతుంది. బీరు తీసుకునేవాళ్లు గుర్తింపు కార్డు మర్చిపోవద్దు, చూసి వయసు 21 నిండితేనే ఇస్తారు.

వ్యాను అక్కడ ఉండదు. మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. ముందు మ్యూజియం చూసి అక్కడి నుంచి భోజనానికి ఇటు రండి, నాన్నగారికి ఎక్కువ నడక లేకుండా సరిపోతుంది. శేషు గారు ఖాళీగా ఉంటే ఆ వ్యాను దగ్గర ఆయన చేతే చెప్పించుకోండి.

---

నెట్‌వర్క్ శేషు
సోమవారం, మధ్యాహ్నం 1:05

శుక్రవారమైతే నేను రెడీ. తేదీ చెప్పండి కిరణ్ గారూ.